వంపు తీగ

1980 జూన్ మొదటి వారంలో నన్ను విశాఖపట్నం హార్బరు పక్కన, ఓడలు మరమ్మతు చేసే ఒక వర్క్‌షాపు వారి ఆసుపత్రికి సర్జన్‌గా వేశారు. వర్క్‌షాపు పేరు చెప్పను. నలభై మంచాల ఆసుపత్రి. అందరి పైన చీఫ్ మెడికల్ ఆఫీసరు, ఆయన కింద ఇద్దరు సీనియర్లు, వాళ్ళ కింద నేను, నా కింద కట్లు కట్టే డ్రెస్సర్ గవరయ్య. కాగితం మీద వరస ఇది. పనిలోకి దిగితే మాత్రం అందరి పైనా గవరయ్యే ఉండేవాడు.

మీ సర్వీసులో చెప్పుకోదగ్గ కేసు ఏదండీ అని ఎవరడిగినా నేను ఒకటే చెబుతూ వచ్చాను. పురుషాంగం నూట నలభై డిగ్రీలు వంగిపోయిన ఒక పైపు ఫిట్టరు వచ్చాడని, అతని అరచేయి చూసి, బట్ట విప్పకుండానే రోగం చెప్పేశానని, ఉత్తర కోస్తాలో ఆ రోగాన్ని మొట్టమొదట పట్టుకున్నది నేనేనని, ఆపరేషన్ చేసి గీత గీసినట్టు తిన్నగా చేసి పంపానని. క్లబ్బులో చెప్పాను. రిటైర్మెంటు సభలో చెప్పాను. మా వియ్యంకుడికి రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు ఎనభై దాటాక, సీతమ్మధారలో మా ఇంటి వరండాలో కూర్చుని, అందులో నిజమెంతో రాస్తున్నాను. ఫిట్టరు వచ్చిన మాట నిజం. వంగిన మాట నిజం. మిగతావి వరసగా వస్తాయి.

ఆ ఫిట్టరుని సింహాచలం అందాం. అసలు పేరు కాదు. ఆ వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడి సింహాచలం అని కేకేస్తే సగం షిఫ్టు వెనక్కి తిరిగేది కాబట్టి ఎవరినీ పట్టించినట్టు కాదు. వయసు నలభై ఆరు. ఆగస్టులో, ముసురు పట్టిన ఒక ఉదయం వచ్చి, వెనకొచ్చిన వాళ్ళందరినీ ముందుకు పంపిస్తూ బల్ల చివర కూర్చున్నాడు. మా వృత్తిలో ఇదొక గుర్తు. తన వంతు పక్కవాడికి ఇచ్చే రోగికి జబ్బు బొడ్డు కింద ఉంటుంది.

నర్సమ్మ గదిలో ఉన్నంతసేపూ మోకాలి నొప్పి వర్ణించాడు. ఆవిడ వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మోకాలు బాగానే ఉన్నాది బాబూ," అన్నాడు. "ఇది ఏరే ఇసయం. ఆర్నెల్ల నుంచి లెగిసినప్పుడు తిన్నగా ఉండట్నేదు. పైకి వొంగిపోతంది. మొదట్ల నొప్పి కూడా ఉండీది."

ఇంతకు ముందు ఎవరికైనా చూపించావా అని అడిగాను.

"జూన్‌లో ఇక్కడే సూపించుకున్నానండి. గులాబీ సీటీ రాసిచ్చినారు."

"ఎవడా రాసిన బుద్ధిహీనుడు?" అన్నాను.

సింహాచలం నా వైపు ఒకసారి చూసి, నేల వైపు చూశాడు. "ఓ డాట్రుబాబండి," అన్నాడు.

గులాబీ చీటీ అంటే చెప్పాలి. మా ఆసుపత్రిలో మందులకి తెల్ల చీటీ, ఎక్స్‌రేకి పసుపు, రక్తపరీక్షకి నీలం. గులాబీ రంగు చీటీ ఊళ్ళో పెద్దాసుపత్రిలోని చర్మ, సుఖవ్యాధుల విభాగానికి. చదువు రాని కార్మికులు కౌంటరు వెతుక్కోలేక ఇబ్బంది పడుతున్నారని ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన పద్ధతి. దాని ఫలితమేమిటంటే, చదువు రానివాళ్ళకి కూడా ఎవరికేం రోగమో తెలిసిపోయేది. క్వార్టర్ల వైపు గులాబీ చీటీ పట్టుకుని నడవడమూ, మెడలో పలక కట్టుకుని నడవడమూ ఒకటే.

సింహాచలం పెద్దాసుపత్రికి వెళ్ళాడు. రక్తం తీశారు. ఏమీ లేదని రాసి, చీటీ తిరిగి ఇచ్చేశారు. అతను దాన్ని చొక్కా జేబులో మరిచిపోయాడు. భార్య పైడితల్లి చొక్కా ఉతకబోతూ జేబు తడిమింది. ఆవిడకి చదువు రాదు. రంగు తెలుసు. మర్నాడు బట్టల మూట కట్టుకుని పద్మనాభంలో పుట్టింటికి వెళ్ళిపోయింది, చీటీ కూడా పట్టుకుని. అక్కడ ఆవిడ అన్న అప్పలరాజు ఉన్నాడు. అతను రోజూ మొదటి బస్సుకి పట్నం వచ్చి, మా వర్క్‌షాపులోనే పైపు షాపులో చార్జిమ్యాన్‌గా, అంటే ఫిట్టర్ల మీద అజమాయిషీ చేసే మేస్త్రీగా పనిచేసేవాడు. సింహాచలానికి ఇంట్లో బావ, పనిలో పై అధికారి.

"ఈ నెలాఖరులోగా డాట్రు కాయితం తెమ్మన్నాడండి మా బావ," అన్నాడు సింహాచలం. "తేకపోతే పెద్దమనుసుల్ని కూకోబెట్టి తెంపీసుకుంటానన్నాడు. నాను ఏ తప్పుడు కొంపకీ ఎల్లనేదు బాబూ. రగతంలో ఏటీ నేదని కూడా సెప్పినాను. 'ఏటీ నేకపోతే గులాబీ సీటీ ఎందుకిచ్చినారు?' అంటాడు."

ఉన్న సంగతి చెప్పెయ్యరాదా అన్నాను.

"సెప్తే బతుకంతా వొంకర సింహాసలం అంటారండి. మా షాపులో నలుగురు సింహాసలాలున్నాం. ముగ్గురికి ఇప్పుడికే పేర్లు పెట్టీసినారు. నానొక్కడినే మిగిలినాను."

బల్ల మీద పడుకోమన్నాను. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అరచేయి చూసి రోగం చెప్పేశానన్నది అబద్ధం. చేతులు నేను చూడనేలేదు. చూడవలసిన చోటే చూశాను. పైకి అంతా మామూలుగా ఉంది. వేళ్ళతో తడిమితే మాత్రం అంగం పై భాగంలో, నడిమికి కొంచెం ఇవతల, చర్మం కింద చింతగింజంత గట్టి బిళ్ళ తగిలింది. చర్మానికి అతుక్కోలేదు, లోపలి పొరకి అతుక్కుని ఉంది.

లోపలి నిర్మాణం ఇలా ఉంటుంది. పురుషాంగంలో నెత్తురు నిండే గొట్టాలు రెండు పక్కపక్కనే ఉంటాయి. వాటి చుట్టూ ఒక గట్టి పొర, సైకిల్ ట్యూబు మీద టైరులాగ. నెత్తురు నిండినప్పుడు ఆ పొర అన్ని వైపులా సమానంగా సాగితే అంగం తిన్నగా ఉంటుంది. ఒక వైపు సాగకపోతే ఆ వైపుకి వంగుతుంది. కొందరికి పుట్టుకతోనే ఒక వైపు పొట్టిగా ఉంటుంది. వాళ్ళకి మీసాలొచ్చే వయసులోనే వంపు తెలుస్తుంది, ఎక్కువగా కిందికే ఉంటుంది, బిళ్ళ ఏమీ తగలదు. నడివయసులో కొత్తగా వచ్చే వంపు వేరు. కాపురంలో ఎప్పుడో తెలియకుండా తగిలిన చిన్న దెబ్బ లోపల మానుతూ మచ్చ కడుతుంది. ఆ మచ్చ సాగదు. చాలామందికి దెబ్బ తగిలిన గుర్తే ఉండదు. సింహాచలానికీ లేదు. మొదట కొన్ని నెలలు నొప్పి ఉంటుంది, తరవాత నొప్పి పోయి వంపు మిగులుతుంది. ఇవి కాక, పెళుక్కుమని చప్పుడై, వాచి నల్లబడి పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఉంటారు. అది పొర చిరగడం, దాని దారి తిన్నగా ఆపరేషన్ గదికే.

నడివయసు వంపు సుఖవ్యాధి కాదు, క్యాన్సరు కాదు, చేతబడి కాదు. రైల్వే స్టేషను దగ్గర లాడ్జీ గోడల మీద రాతలు రాయించుకునే వైద్యులు చెప్పినట్టు కుర్రతనంలో చేసిన పాపమూ కాదు. సింహాచలం అప్పటికే ఒక లాడ్జీ వైద్యుడి దగ్గర తైలం తెచ్చి రాసి, చర్మం ఊడగొట్టుకుని, అది మానాక నా దగ్గరికి వచ్చాడు.

ఉత్తర కోస్తాలో దీన్ని మొదట పట్టుకున్నది నేనేనని చెప్పానుగా. అంతకు ముందు ఉద్యోగంలో ఇలాంటి వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ "వయసండీ" అని చెప్పి బలం మాత్రలిచ్చి పంపేశాను.

సరే, బిళ్ళ దొరికింది. మధుమేహం ఉన్నవాళ్ళలో ఇది తరచు కనిపిస్తుంది కాబట్టి మూత్రం పరీక్ష చేశాను. పరీక్షనాళికలో నీలం ద్రావకం పోసి కాచితే చక్కెర ఉన్నవాళ్ళది ఇటుక రంగుకి తిరుగుతుంది. ఇతనిది నీలంగానే ఉండిపోయింది. ఇక వంపు ఎంతో, ఎటో చూడాలి. చిక్కంతా అక్కడే. సర్జన్ ముందు బల్ల మీద పడుకున్న మగవాడిలో ఆ వంపు కనపడదు. కనపడాలంటే అంగస్తంభన కావాలి. మా గదిలో ఫినాయిలు వాసన, తలుపు అవతల నర్సమ్మ గొంతు. ఎవడి వల్ల అవుతుంది? అంగం మొదలు దగ్గర పట్టీ బిగించి, సూదితో సెలైన్ ఎక్కించి కృత్రిమంగా లేపి చూసే పద్ధతి అప్పటికే పుస్తకాల్లోకి వచ్చింది. నేను అది చేశానని కూడా కొన్నిచోట్ల చెప్పాను. చెయ్యలేదు. చదివాను, అంతే. సూది తీసేసరికి సింహాచలం మొహం చూసి నాకే చెయ్యి రాలేదు.

ఇంటి దగ్గర ఒక ఫొటో తీసి తెమ్మన్నాను.

"ఫొటోనా!" అని లేచి కూర్చున్నాడు. "కడిగీది స్టూడియోలోనే గదండి. ఆ స్టూడియోవోడు మా పెద్దల్లుడికి తమ్ముడు బాబూ."

అప్పుడతనే అన్నాడు: "బాబూ, తీగ మీద తీసుకొచ్చీమంటారా?"

ఇది వాళ్ళ పనిలో పద్ధతి. ఓడలో ఒక పాత పైపు తుప్పు పట్టిపోతే, ఫిట్టరు ఇంజను గదిలోకి దూరి, మెత్తటి లావుపాటి తీగని ఆ పైపు పొడుగునా ఆనించి, వంపుకి వంపు తిప్పి, అచ్చు తీసుకుంటాడు. దానికో చీటీ కట్టి పైపు షాపులో గోడకున్న కొక్కేలకి తగిలిస్తాడు. షాపులో వాళ్ళు పైపులో ఇసుక కూరి, కాల్చి, ఆ తీగకి సరిపోయేలా వంచి కొత్త పైపు ఇస్తారు. వంచేవాడు ఓడ మొహం చూడడు. తీగ కొక్కేనికి తగిలిందంటే పైపు రావలసిందే, ఎందుకని ఎవరూ అడగరు.

వారం తిరక్కుండా సింహాచలం తెచ్చాడు. గుడ్డలో చుట్టి, దేవుడి పటం విప్పినట్టు విప్పాడు. జానెడు తీగ. బిళ్ళ తగిలే చోట ఆకురాయితో చిన్న గంటు కూడా పెట్టాడు. ఎలా తీశావని నేను అడగలేదు. తెల్లవారుతూ నిద్ర లేచే మగవాడికి ప్రకృతి ఇచ్చే వెసులుబాటు ఒకటుంది, వైద్యశాస్త్రం దాన్ని ఒప్పుకుంటుంది.

"మూడుసార్లు తీసినానండి," అన్నాడు. "మొదటి రెండూ నచ్చనేదు. ఇది డబుల్ బెండు బాబూ. పైకి ఒకటి, ఎడమేపుకి కొంచెం."

మా అమ్మాయి జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెచ్చి పెట్టుకున్నాను. తీగని దాని మీద ఆనించి, చూసి, కేసు షీటులో "వంపు: 140 డిగ్రీలు" అని రాశాను. సింహాచలం బల్ల మీదుగా తొంగి చూశాడు. అంకెలు అతనికి వచ్చు.

"బాబూ, నూట నలబై వొంగితే ఇంకేటుంటాదండి? ఎనక్కి తిరిగి నన్నే సూత్తాది," అన్నాడు. కోణమానిని మర్యాదగా నా చేతిలోంచి తీసుకుని, రెండో వైపు నుంచి లెక్క చూపించాడు. "నలబై. ఎడమకి పది."

దిద్దాను. కానీ క్లబ్బులో చెప్పేటప్పుడు దిద్దకముందు అంకే నా నోటికి వచ్చేది.

ఆసుపత్రిలో ఏ నమూనా ఉన్నా దాని మీద రోగికి మొదటిసారి వచ్చినప్పుడు ఇచ్చిన నంబరు ఉండాలన్నది రూలు. అందుకని ప్లాస్టరు ముక్క మీద "ఓపీ 417" అని రాసి తీగకి అంటించి, మందుల కాగితాలు ఎగరకుండా దాన్నే వాటి మీద పెట్టి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయాను. ఆ వారమే పరికరాలు ఉడికించే మా స్టెరిలైజరు ఆవిరి లైను పాడై, పైపు షాపు నుంచి ఇద్దరు వచ్చి బాగు చేసి వెళ్ళారు. గవరయ్య గది సర్దడానికి వచ్చాడు. నంబరుతో ఉన్న తీగ చూశాడు. ఫిట్టర్లు మరిచిపోయారనుకున్నాడు. గవరయ్యకి ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే అన్నం సహించదు. తీగ పట్టుకెళ్ళి పైపు షాపు గోడకి తగిలించి వచ్చాడు.

నేను తీగ కనపడక రెండు రోజులు వెతికాను. మూడో రోజు సింహాచలం వానలో తడుస్తూ, చెప్పులు చేత్తో పట్టుకుని నా గదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"బాబూ, కొంప మునిగిపోనాది! నా కొలతకి పైపు సేసీసినారు!"

"ఏ పైపు?"

"ట్రాలీ మీద వత్తంది బాబూ. జానెడు పైపు, రెండేపులా మరలు కోసి, దాని మీద పసుపు రంగుతోటి నాలుగు వందల పదేడు. నా సేత్తో తీసిన వొంపు నాకు తెల్దేటండి! ఎనకాల మా బావే వత్తన్నాడు, సంతకం కోసం!"

అతను ఆ మాట అంటుండగానే వరండాలో ట్రాలీ చక్రాల కీచు వినపడింది. సింహాచలం రోగుల్ని పరీక్షించే తెర వెనక్కి దూరాడు. తెర నేల దాకా ఉండదు. రెండు బురద పాదాలు కనపడుతూనే ఉన్నాయి.

అప్పలరాజు వచ్చాడు. పొడుగు మనిషి, జేబులో మడత స్కేలు, చెవి మీద పెన్సిలు. పైపుని నా బల్ల మీద నిలబెట్టాడు. అది పడిపోకుండా నిలబడింది. ఆ క్షణంలో నాకు దాని నాణ్యత మీద కూడా కోపం వచ్చింది.

"డాట్రుబాబూ, ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాటి వొంపు నా షాపుకి రానేదు," అన్నాడు. "సీటీ మీద సైజు రాయనేదు. మా వోలు ఇంచిన్నర ఏసీసినారు. సరిపోద్దేటండి?"

తెర వెనక చిన్న దగ్గు వినపడింది.

సరిపోతుందన్నాను.

"ఇది ఏ లైనుకండి?"

నేను సర్జన్‌ని, పైపుల గురించి నాకేం తెలుసు? స్టెరిలైజరు నీళ్ళు బయటికి పోయే లైనుకని చెప్పాను.

"నీలు పోయే లైను పైకి వొంగుద్దేటండి?" అన్నాడు అప్పలరాజు.

అతను అప్పుడు చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పైపు పక్కన పరిచాడు. గులాబీ రంగు. పైన ఓపీ 417.

"ఈ సీటీ మా బావది. ఈ పైపు మీదా అదే నంబరు. ఏటండి ఈ సంగతి?"

నేను నంబరు చూడలేదు. కింద సంతకం చూస్తున్నాను. అది నాది. జూన్ మొదటి వారం, నేను చేరిన మూడో రోజు. గది నిండా జనం. తల ఎత్తకుండా, బట్ట విప్పించకుండా, "అక్కడ నొప్పి" అన్న మాట వింటూనే గులాబీ పుస్తకం మీదికి చెయ్యి పోయింది. ఎవరో ఓ డాట్రుబాబు అని సింహాచలం నేల చూపులు చూసింది నా పరువు కాపాడటానికి. ఆ చీటీ వల్ల కాపురం విడిపోయి రెండు నెలలైంది. అప్పటిదాకా నేను దానికి వైద్యుణ్ణనుకుంటున్నాను, కారణాన్నని తెలియలేదు.

రోగి రహస్యం బయటపెట్టకూడదు. పెట్టకపోతే అప్పలరాజు నెలాఖరుకి పెద్దమనుషుల్ని కూర్చోబెడతాడు. ఇంతలో తెర పక్కకి జరిగింది.

"సాల్లే బావా. డాట్రుబాబుని నిలదీయకు. నాను సెప్తాను," అంటూ సింహాచలం బయటికి వచ్చాడు. వచ్చి, బల్ల మీద పైపు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది నాదే."

అప్పలరాజు పైపు వైపు చూశాడు, మనిషి వైపు చూశాడు, మళ్ళీ పైపు వైపు చూశాడు. అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమైనాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నేను టైరూ ట్యూబూ ఉపమానం ఎత్తుకోబోయాను. సింహాచలం నన్ను ఆగమని, పైపు మీద వేలితో గీసి చూపించాడు. "పైపుకి ఒకేపే ఎల్డింగు పెట్టీసినావనుకో. సల్లారినప్పుడు ఏటౌద్ది?"

"ఆ ఏపుకి లాగీద్ది," అన్నాడు అప్పలరాజు.

"ఇదీ అంతే. లోపల మచ్చ పడిందంట. ఆ ఏపుకి లాగీత్తంది."

నేను మెడికల్ కాలేజీలో కూడా అంత సూటిగా వినలేదు. తరవాత ఇరవై ఏళ్ళు ఈ వెల్డింగు ఉదాహరణ నాదేనని చెప్పుకుని హౌస్ సర్జన్లకి పాఠం చెప్పాను.

"ఎంత వొంపు?" అన్నాడు అప్పలరాజు, గొంతు తగ్గించి.

"నలబై. ఎడమకి పది."

"ఓలి నాయనో, డబుల్ బెండేటి!" అని ఒక్కసారిగా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సింహాచలానికి మొదట కోపం వచ్చింది, తరవాత అతనూ నవ్వాపుకోలేకపోయాడు. నాకు నవ్వడానికి అర్హత ఉందో లేదో తెలియక చీటీ వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అప్పలరాజు నవ్వు ఆగింది.

"రెండు నెల్లు కాపురం సెడగొట్టీసినాను గదండి," అన్నాడు. "ఇప్పుడు మా సెల్లికి ఏటని సెప్పాల?"

ఆవిడని తీసుకురమ్మన్నాను. షాపులో ఒక్క మాట కూడా పొక్కకూడదని ఒట్టు వేయించుకున్నాను.

శనివారం పైడితల్లి వచ్చింది. చిన్న మనిషి, గట్టి గొంతు. అన్నని వరండాలో కూర్చోబెట్టి, భర్తని పక్కన నిలబెట్టి, నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. ఇది అంటురోగం కాదని, ఎక్కడికో వెళ్ళి తెచ్చుకునేది కాదని చెప్పాను.

"వొంపుకి నానెల్లిపోనేదండి," అన్నది. "నాలుగు నెల్లు మాటా పలుకూ నేకుండా గోడేపు తిరిగి తొంగున్నాడు. ఆ పైన ఈ సీటీ దొరికింది. మీరైతే ఏటనుకుంటారు?"

సింహాచలం పైకప్పు చూశాడు.

"ఆ సెయ్యి కూడా అలగే దాసీసీవోడు," అన్నదావిడ.

ఏ చెయ్యి అన్నాను. ఆవిడ భర్త కుడిచెయ్యి పట్టుకుని నా ముందు బల్ల మీద విప్పి పెట్టింది. ఉంగరం వేలి మొదట్లో, అరచేతి చర్మం కింద, తాడు పట్టి లాగినట్టు ఒక గట్టి నరంలాంటిది. వేలు పూర్తిగా చాపలేకపోతున్నాడు. "మా మాంగారికీ ఇలగే ఏలు వొంగిపోయి ఉండీది. ఈయన సెయ్యీ అలగే అవతందని నాను ఏడాది నుంచి సెప్తన్నాను."

ఈ వంపున్న వాళ్ళలో కొందరికి అరచేతిలో కూడా అదే రకం మచ్చ కడుతుందని, అది కొన్ని కుటుంబాల్లో వస్తుందని నేను చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ చేతిని రెండుసార్లు నా బల్ల మీద చూసి కూడా చూడలేదు. అరచేయి చూసి రోగం పట్టుకున్న ఘనత పైడితల్లిది. నలభై ఏళ్ళు అది నా పేరు మీద చెలామణీ అయింది.

కాగితం రాస్తానన్నాను.

"ఏ రంగు కాయితం మీద రాత్తారండి?" అన్నది.

తెల్లదాని మీదే రాశాను. ఇతనికి సుఖవ్యాధి లేదని, గతంలో ఇచ్చిన గులాబీ చీటీ పొరపాటున రాసిందని, రాసింది నేనేనని రాసి, సంతకం చేసి, చదివి వినిపించాను. ఆవిడ ఆఖరు వాక్యం రెండోసారి చదివించుకుంది.

"ఐతే సీటీ రాసింది తవరేనా?"

"నేనేనమ్మా."

"సూడకుండానే రాసీసినారేటి?"

అవునన్నాను. ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "పద, ఇంటికాడ బియ్యం ఉన్నాయో నేవో," అని మొగుణ్ణి ముందు నడిపించుకుంటూ క్వార్టర్ల వైపు వెళ్ళింది.

ఇక ఆపరేషన్ సంగతి. చెయ్యలేదు. వంపు మారుతున్నన్నాళ్ళూ కత్తి పెట్టకూడదు, ఏడాది పైనే ఆగి చూడాలి. విటమిన్ ఇ మాత్రలు రాశాను. అప్పట్లో అందరమూ అవే రాసేవాళ్ళం, వాటివల్ల ఒరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మూడు నెలలకొకసారి సింహాచలం కొత్త తీగ తెచ్చేవాడు, చీటీ అతనే కట్టి, దాని మీద "పైపు చేయరాదు" అని రాసి. నలభై, నలభై, ముప్పై అయిదు, ముప్పై. నొప్పి మళ్ళీ రాలేదు. ఆపరేషన్ మాట ఎత్తితే, కాపురానికి అడ్డం లేదని, ఉన్నదాన్ని గెలకొద్దని పైడితల్లి కబురు పంపింది. అప్పలరాజు ఒట్టు నిలబెట్టుకున్నాడు. సింహాచలానికి షాపులో చివరిదాకా ఏ పేరూ రాలేదు.

చీటీల రంగులు పోవాలని చీఫ్‌తో పోట్లాడి గెలిచానని కూడా చెబుతుంటాను. ఒక అర్జీ పెట్టిన మాట నిజం. జవాబు రాలేదు. రెండేళ్ళకి గులాబీ కాగితం సరఫరా ఆగిపోయి అన్నీ తెల్లవైపోయాయి.

పైపు మిగిలిపోయింది. తయారైన సరుకు వెనక్కి తీసుకునే పద్ధతి పైపు షాపులో లేదు. గవరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలకిందులు చేసి, ఆసుపత్రి వెనక చేతులు కడుక్కునే కుళాయికి మూతిలా బిగించాడు. అచ్చంగా సరిపోయింది. నీళ్ళు కొంచెం ఎడమకి పడేవి. బదిలీ అయ్యేదాకా రోజుకి పదిసార్లు దాని కిందే చేతులు కడుక్కున్నాను.

ఆ కేసు నాకు నేర్పింది పని వరస. ముందు చేతులు కడుక్కోవాలి, తరవాత రోగిని చూడాలి, అతని చేతులతో సహా. ఆ తరవాతే చీటీ రాయాలి. మొదటిసారి నేను ఆఖరి పనితో మొదలుపెట్టాను.